అంతా చదివితే తెలుస్తాది

మా అమ్మకు చదువు రాదు. చింతపండు కొట్టీ కొట్టీ వేళ్ళ గీతలు అరిగిపోయి, పింఛను మిషను ఆమె వేలిని మూడుసార్లు వద్దని నాలుగోసారి ఒప్పుకుంటుంది. అలాంటి మనిషి బైబిలు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒక్క ఏడాదిలో ముగిస్తానని చర్చిలో చేయెత్తితే, ముందు కూర్చున్నవాళ్ళు వెనక్కి తిరిగి చూసి నవ్వుకున్నారు. నాకు ఒళ్ళు మండింది. నాకు ఒళ్ళు మండడానికి పెద్ద కారణం అక్కర్లేదనుకోండి. ఆ రోజు మాత్రం కారణం ఉంది.

మాది నల్లమాడకు దగ్గరలో ఒక చిన్న ఊరు. మాకున్నది మూడెకరాల మెట్ట. వానొస్తే వేరుశనగ, రాకుంటే కూలి. మా వీధి చివర చర్చి, చర్చి వెనక గోడ కట్టిన సమాధుల తోట. పాస్టరు అయ్యగారికి అయిదు ఊళ్ళ సంఘాలు ఉండటంతో మా ఊరికి నెలకొక ఆదివారం వస్తారు. మిగతా రోజుల్లో సంఘపెద్ద మాటే మాట. నేను ఊళ్ళోనే అంగన్‌వాడీ టీచరుని. పెళ్ళయింది, మూడేళ్ళకే చెడిపోయింది, అమ్మ దగ్గరికి వచ్చేశాను. ఆ కథ ఇక్కడ అవసరం లేదు.

ఇక్కడ కావలసింది మా తమ్ముడి సంగతి. నాయన పోయాక సేద్యం వాడి మీద పడింది. రెండు బోర్లు వేస్తే రెండూ ఎండిపోయాయి. వద్దురా అని నేను నోరు నొప్పి పుట్టేలా చెప్పినా వినకుండా మూడోది వేశాడు. అది మూడు నెలలు నీళ్ళిచ్చి, తర్వాత దుమ్ము పోసింది. ఆ ఏడు వేరుశనగ ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేసింది. దసరా అయిన వారానికి ఒక పొద్దున మా తమ్ముడు మేకల దొడ్డి తలుపుకు ఊడిపోయిన తీగ కట్టాడు. తొట్టి నిండా నీళ్ళు నింపాడు. అమ్మ మంచానికి వదులైన నులక బిగించాడు. నా ఫోనుకు ఛార్జింగు లేదని చూసి అది కూడా పెట్టాడు. ఈరోజేందిరా ఇంత బుద్ధిగా ఉన్నావు అని ఎగతాళి చేశాను. నవ్వి, చేని దగ్గరికి పోయాడు. అక్కడ తన ప్రాణం తానే తీసుకున్నాడు.

నేను ఆడిన ఆ ఎగతాళి మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు.

మా సమాధుల తోటలో ఒక ఆచారం ఉంది. మొగుడు పోతే పక్కనే పెళ్ళానికి జాగా వదిలి, తల దగ్గర ఒక నల్లరాయి పాతుతారు. ఎవరి రాయి ఏదో ఊరందరికీ తెలుసు. నాయన పక్కన అమ్మ రాయి పదకొండేళ్ళుగా ఉంది. ఆదివారం ప్రార్థన అయ్యాక అమ్మ తన రాయి చుట్టూ మొలిచిన గడ్డి తనే పీకేసి వచ్చేది. ఇల్లు ఊడ్చుకున్నంత మామూలుగా చేసేది ఆ పని.

తమ్ముడి శవం వాకిట్లో ఉండగా అమ్మ సంఘపెద్దను పిలిచి అడిగింది.

"నా జాగా వానికియ్యండప్పా. వాళ్ళ నాయన పక్కన పండుకుంటాడు. నేను పోయినప్పుడు నన్ను యాడన్నా పెట్టుకోండి."

సంఘపెద్ద చెడ్డవాడేమీ కాదు. నాయనకు స్నేహితుడు. కానీ అతను నేల చూస్తూ అన్నాడు: "అట్ల పోయినోళ్ళను లోపల పెట్టగూడదమ్మా. బైబుల్లో రాసుండాది."

"యాడ రాసుండాది?"

"ఉండాదిలేమ్మా."

"యాడప్పా, ఏ తావున?"

అతనికి విసుగొచ్చింది. "అంతా చదివితే తెలుస్తాది" అన్నాడు.

సంతకం చేయడం కూడా రాని మనిషితో అన్న మాట అది. ఆ రోజు చావు గంట కొట్టలేదు. తమ్ముణ్ణి చేని గట్టున, మూడో బోరు పక్కన కానుగచెట్టు కింద పెట్టుకున్నాం. ఇళ్ళల్లో తలుపులు వేసుకుని కూర్చున్నవాళ్ళే ఎక్కువ. ఒక్క సంఘపెద్ద భార్య మాత్రం రాగి గంజి సత్తుగిన్నెలో తెచ్చి, అమ్మ తాగేదాకా పక్కనే కూర్చుని పోయింది. నాలుగు రోజులకు వచ్చిన అయ్యగారు ఇంట్లో ప్రార్థన చేసి, సంఘం తీర్మానం కదమ్మా అని చెప్పి మోటారుసైకిలెక్కారు.

ఆ తర్వాత వచ్చిన జనవరి ఒకటినాడు చర్చిలో గులాబిరంగు అట్టలు పంచారు. ఏ రోజు ఏ అధ్యాయాలు చదవాలో గళ్ళు గీసిన పట్టిక. చదివిన రోజు గడిలో గుర్తు పెట్టుకోవాలి. ఏడాదిలో ముగించినవాళ్ళను వచ్చే జనవరి ఒకటిన ముందుకు పిలిచి శాలువా కప్పుతారు. అమ్మ చేయెత్తింది ఆ అట్ట కోసమే. సంఘపెద్ద ఇవ్వబోయి ఒక క్షణం ఆగాడు, తను అన్న మాట గుర్తొచ్చిందో ఏమో.

ఇంటికొచ్చాక అమ్మ ఆ అట్ట నా చేతిలో పెట్టింది.

"నువ్వు చదువు, నేను వింటా. వాడు చెప్పినట్ల రాసుంటే సరేనంటా, ఇంగ నోరెత్తను. రాయకుంటే మాత్రం నా కొడుకును వాళ్ళే తెచ్చి వాళ్ళ నాయన పక్కన పెట్టల్ల."

ఒక ముసలామె మొండిపట్టు అని నవ్వుకుని వదిలేయలేకపోయాను. అమ్మ జీవితంలో అంతకుముందు ఎవరినీ ఏదీ గట్టిగా అడిగింది లేదు.

నిజం చెప్పాలంటే మొదట తప్పించుకోవాలనే చూశాను. రోజంతా పాతికమంది పిల్లలతో అరిచి వచ్చేదాన్ని, మళ్ళీ ఇంట్లో మూడు నాలుగు అధ్యాయాలా అనిపించింది. తమ్ముడి ఫోను అమ్మ దగ్గరే ఉండేది. దానికి ఫోను చేసేవాళ్ళు ఎవరూ లేకపోయినా రోజూ ఛార్జింగు పెట్టి గూట్లో పెట్టేది. బైబిలు చదివి వినిపించే ఆప్ ఒకటి ఆ ఫోనులో వేసిచ్చాను. అమ్మ రెండు నిమిషాలు విని నా చేతికిచ్చేసింది.

"ఈయప్ప ఎవురో పరిగెత్తుతాండాడు. ఇదేందని అడిగితే ఆపడు, చెప్పడు. నువ్వే చదువుమే."

అలా మొదలైంది. సాయంత్రం అయిదింటికి నేను అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చుంటే అమ్మ ఎదురుగా చింతకాయలు ముందేసుకుని కూర్చునేది. పుస్తకం నాయనది. అట్ట ఊడిపోతే నాయనే పాత సంచీ గుడ్డ అంటించాడు. అందులోది పాత తెలుగు. ఒక పేజీ ఉన్నదున్నట్టు చదివి, తర్వాత మా మాటల్లో చెప్పేదాన్ని. అలా చెప్పాలంటే ముందే చూసుకోవాలి. అందుకని మధ్యాహ్నం అంగన్‌వాడీలో పిల్లలు పడుకున్నాక ఆ రోజు వంతు ఒకసారి చదివి పెట్టుకునేదాన్ని. మొత్తం పొరపాటుకు మూలం ఆ అలవాటే.

అమ్మ విన్నట్టు ఆ పుస్తకాన్ని విన్నవాళ్ళను నేను చూడలేదు. జనవరి రెండో వారంలో బావులు తవ్వించే మనిషి కథ వచ్చింది. అతను ఒకచోట తవ్విస్తే నీళ్ళు పడతాయి, ఎదుటివాళ్ళు వచ్చి మావంటారు, గొడవెందుకని వదిలేసి ఇంకోచోట తవ్విస్తాడు, అక్కడా పడతాయి. అమ్మ చేతిలో చింతకాయ అలాగే ఉండిపోయింది. "తవ్విన తావునంతా పడినాయా?" అంది. పడ్డాయన్నాను.

లేవీయకాండములో మేకను ఎలా కోయాలో, ఏ కొవ్వు ఎక్కడ తీయాలో పేజీలకు పేజీలు ఉంటే నాకు ఆవలింతలు వచ్చేవి. అమ్మకు మాత్రం అది తెలిసిన సంగతి. మూత్రపిండాల మీద కొవ్వు చిరగకుండా తీయాలంటే కత్తి మీద చేయి తిరిగుండాలని మెచ్చుకునేది. ఎవరు ఎవరి కొడుకో వరసగా పేర్లు వచ్చే చోట్లు నేను దాటేయబోతే ఒప్పుకునేది కాదు. "ఎవురో కన్నబిడ్డలు గదమే. పేరు రాసి పెట్టినారు. చదవకుంటే ఎట్ల?" నోరు తిరగని ఆ పేర్లన్నీ చదివి చదివి నాకు దవడ నొప్పి పుట్టేది. అమ్మ ప్రతి పేరుకూ తల ఊపేది.

ఇదంతా వింటూనే ఆమె తన వ్యాజ్యం తను నడుపుకుంటోంది. పరాయి దేశంలో చనిపోయిన ఒక పెద్దాయన తన ఎముకలు సొంత నేలకు తీసుకుపొమ్మని ఒట్టు వేయించుకుంటాడు. జనం ఎడారిలో నలభై ఏళ్ళు తిరుగుతూ ఆ ఎముకలు మోసుకెళ్ళి చివరికి పాతిపెడతారు. మార్చి మొదట్లో ఆ ముక్క చదివితే అమ్మ ముఖం వెలిగింది. "అన్నేండ్లు మోసిరా? అయితే ఎముకలు మోయచ్చు. తప్పు లేదు." ఆ మాట పట్టిక మీద గుర్తు పెట్టమంది. పెన్నుతో చిన్న చుక్క పెట్టాను.

మార్చి చివరి వారంలో ఒక మధ్యాహ్నం అంగన్‌వాడీలో ఆ రోజు వంతు చదువుతుంటే, యుద్ధంలో ఓడిపోయిన రాజు తన కత్తి మీద తానే పడి ప్రాణం తీసుకున్నాడు. ఇలాంటిది వస్తుందని నాకు తెలియదు. చిన్నప్పుడు ఎప్పుడో విని మరిచిపోయానేమో. సాయంత్రం అమ్మతో "రాజు యుద్ధంలో పోయినాడు" అని ఒక్కమాటలో చెప్పి పేజీ తిప్పేశాను. అమ్మ, పాపం అంది. అంతే.

వారం తిరక్కుండానే రెండోది వచ్చింది. ఈసారి రాజు కాదు, ఆ తర్వాతి రాజు కొలువులో ఆలోచన చెప్పే పెద్దమనిషి. తను చెప్పిన మాట ఎవరూ వినలేదని తెలిసి, గాడిదకు గంత కట్టి, సొంత ఊరికి, సొంత ఇంటికి పోయాడు. పోయి ఇల్లు చక్కబెట్టుకున్నాడు. ఆ మాట దగ్గర నాకు మేకల దొడ్డి తలుపు కనిపించింది. తొట్టిలో నీళ్ళు, మంచం నులక, గోడ దగ్గర ఛార్జింగులో నా ఫోను కనిపించాయి. తర్వాతి మాట ఏమిటో చదవక ముందే తెలిసిపోయింది. ఆ ఒక్క మాట మీద చూపు పడగానే పుస్తకం మూసేశాను. ఆ వాక్యంలో ఇంకొన్ని మాటలు మిగిలే ఉన్నాయి. చదవలేదు. నిద్రపోతున్న పిల్లల మధ్య కూర్చుని చీరకొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

సాయంత్రం అమ్మకు ఆ మనిషి సంగతే చెప్పలేదు. ఆయన లేకుండానే కథ అల్లేశాను. పట్టికలో గుర్తు మాత్రం పెట్టాను.

మర్నాడే ఆ కథలో ఈ రెండో రాజుగారి కొడుకు చనిపోతాడు. తండ్రికి ఎదురు తిరిగినవాడే, అయినా రాజు మేడగదికి ఎక్కి నా కొడుకా నా కొడుకా అని ఏడుస్తాడు. అది దాటలేకపోయాను, అందరికీ తెలిసిన కథ. తమ్ముడు పోయినప్పుడు ఏడవని అమ్మ, ఆ రోజు చింతపండు చేతులతోనే మొహం కప్పుకుని ఏడ్చింది. కళ్ళల్లో పులుసు పడి మండితే నీళ్ళతో కడిగాను. కడుగుతూ, నిన్నటిది చదవకపోవడమే మంచిదైందని నన్ను నేను మెచ్చుకున్నాను. ఆమెను కాపాడానని అనుకున్నాను. నిజానికి కాపాడుకున్నది నన్నే.

ఎండాకాలమంతా అలాగే గడిచింది. మూడున్నరేళ్ళు వాన పడని కరువు కథ వచ్చినప్పుడు అమ్మ నవ్వింది, ఆ ఏడాదిలో నేను చూసిన రెండో మూడో నవ్వు. "మూడున్నరేండ్లకే అంత గోలనా?" అంది. చింతపండు అయిపోయి వేరుశనగ విత్తనకాయలు వలిచే పని వచ్చింది. ఆస్తీ బిడ్డలూ అన్నీ పోగొట్టుకున్న మనిషి దేవుణ్ణి నిలదీసే పుస్తకం చదువుతున్నన్ని రోజులూ అమ్మ చేతులు ఆగలేదు గానీ, ఆయన్ను ఓదార్చడానికి వచ్చిన స్నేహితుల మాటలు వినీ వినీ, "వీళ్ళు మన సంఘపోళ్ళ మాదిరే ఉండారే" అంది. రోజూ చివర్న ఒకే ప్రశ్న అడిగేది. "ఈరోజు గూడా యాడా లేదు గదా?" లేదనేదాన్ని.

వినాయకచవితి అయిన రెండు రోజులకు సంఘపెద్ద భార్య పోయింది. గుండెనొప్పి. కదిరికి తీసుకుపోయేలోపే అయిపోయింది. పొద్దున పదింటికి చావు గంట మోగుతుంటే అమ్మ అరుగు మీద లేచి నిలబడింది. మధ్యాహ్నానికి సంఘపెద్ద మా వాకిట్లోకి వచ్చాడు. తుండుగుడ్డ రెండు చేతులతో నలుపుతున్నాడు. తోటలో జాగా లేదు, గోడ వెంబడి తవ్వితే రెండడుగులకే బండ తగిలిందని చెప్పాడు. మిగిలింది నాయన పక్కన అమ్మ రాయి ఉన్న చోటొక్కటే. అడగడానికి అతనికి నోరు రాలేదు. నాకు మాత్రం వచ్చింది. ఆ రోజు మా తమ్ముడికి లేని జాగా ఈరోజు ఎట్లొచ్చింది పెద్దాయనా అనబోయాను. అమ్మ చేయి ఎత్తి ఆపింది.

"పెట్టుకోప్పా" అంది. "ఆయమ్మ నాకు గంజి తెచ్చిచ్చింది."

అతను పోయాక నా మీదికి తిరిగింది. "అంత చదివితిమి. వాన్ని లోపల పెట్టొద్దనీ లేదు, పెట్టమనీ లేదు. ఇంగేం చెప్పి అడిగేది? ఆయమ్మ వాకిట్లో ఉండాది, ఈ ఎండకు ఆగుతాదా? నేను వాని కాడికే పోతాలే. వాడు ఒక్కడే ఉండాడు గదా ఆడ."

నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఒక్కమాట మాట్లాడలేదు. పైగా అమ్మ పట్టు విడిచిందని మనసులో కాస్త తేలికైంది కూడా. ఈ సంగతి రాయాలంటే సిగ్గుగా ఉంది. సాయంత్రం అమ్మ తన నల్లరాయిని తనే పెళ్ళగించుకుని, నెత్తిన చుట్టకుదురు పెట్టుకుని, కిలోమీటరు దూరం మోసుకెళ్ళి కానుగచెట్టు కింద తమ్ముడి పక్కన పాతింది. నన్ను చేయి వేయనివ్వలేదు.

జాగా పోయినా చదవడం ఆపలేదు. మొదలుపెట్టింది ముగించాలంది. అక్టోబరులో కొత్త నిబంధనలో మళ్ళీ అలాంటి మనిషి ఒకడు వస్తే వాణ్ణీ దాటేశాను. అప్పటికి దాటడం నాకు అలవాటైపోయింది.

డిసెంబరు ముప్పై ఒకటి సాయంత్రం చివరి పేజీ చదివాను. అమ్మ కొంగు సర్దుకుని రెండు చేతులూ జోడించింది.

"అయిపాయనా? అంతా?"

"అంతా."

"యాడా లేదు. అంటే వాళ్ళు నోటికొచ్చింది చెప్పినారు." ఆమె గొంతులో సంతోషం ఉంది. నాకు బాగా గుర్తు. "రేపు నన్ను ముందుకు పిలుస్తారు గదా. శాలువా కప్పక ముందే చెప్తా. మొదట్నుంచి కడదాకా అక్షరం పోకుండా విన్నా, నా కొడుకును బయట పెట్టమని ఏ తావునా రాయలేదు అని అందరి ముందరా చెప్తా. జాగా లేకుంటే పాయె. ఆ మాట వాళ్ళ చెవిన పడల్ల."

దండెం మీద ఆమె తెల్లచీర ఆరుతోంది, మర్నాటి కోసం పొద్దున్నే ఉతుక్కుంది. చర్చిలో నిలబడి మా అమ్మ అబద్ధం చెప్పబోతోంది, అది అబద్ధమని కూడా తెలియకుండా. చెప్పించేది నేను.

"మూడు చోట్ల దాటేసినా మా" అన్నాను.

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. తమ్ముడి మాదిరి పోయినవాళ్ళు ఆ పుస్తకంలో కూడా ఉన్నారని, నీకు నొప్పి కలుగుతుందని చదవలేదని చెప్పాను. అమ్మ పుస్తకం నా వైపు జరిపింది. "ఇప్పుడు చదువు" అంది.

కత్తి మీద పడిన రాజు సంగతి చదివాను. శత్రువులు గోడకు కట్టిన అతని శవాన్ని ఒక ఊరివాళ్ళు రాత్రంతా నడిచిపోయి దించి తెచ్చి, ఎముకలు చెట్టు కింద పాతిపెట్టి, ఏడు రోజులు ఉపవాసం ఉన్నారు. ఆ సంగతి నేనూ అప్పుడే చదవడం. "ఏడు దినాలా?" అంది అమ్మ.

తర్వాత ఆలోచనలు చెప్పే పెద్దమనిషి. గాడిద, ఊరు, ఇల్లు చక్కబెట్టుకోవడం. ఈసారి ఆగలేదు. ప్రాణం తీసుకున్న మాట చదివాను. ఆ వెనకే, మార్చిలో నేను పుస్తకం మూసేసిన చోట మిగిలిపోయిన మాటలు, చూపు వాటి మీద పడుతుండగానే నోట్లోంచి బయటికి వచ్చేశాయి. ఆ మనిషిని తన తండ్రి సమాధిలో పాతిపెట్టారని ఉంది అక్కడ.

అమ్మ చేతులు ఒళ్ళో ఆగిపోయాయి.

"మళ్ళీ చదువు."

మళ్ళీ చదివాను. ఇంకోసారి అంది. ఇంకోసారి చదివాను. మా మాటల్లో చెప్పనక్కర్లేకుండానే ఆమెకు అర్థమైంది.

"వాళ్ళ నాయన కాడనే పెట్టిరి" అంది తనలో తాను. కాసేపటికి, "ఇది ఎప్పుడు చదవాల్సింది?" అని అడిగింది.

"మార్చిలో."

"మార్చి అంటే?"

"మనం చింతపండు కొడతాంటిమే, అప్పుడు."

అమ్మ కళ్ళు చిట్లించి వాకిలి వైపు చూసింది. చింతపండు, తర్వాత విత్తనకాయలు, తర్వాత వినాయకచవితి అని వేళ్ళ మీద ఒక్కొక్కటీ మడుస్తూ వచ్చింది.

"అప్పుడు జాగా ఉండె" అంది.

తిట్టలేదు. తిడితే కాళ్ళ మీద పడదామని చూస్తున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, నీ మేలు కోరే చేశానని ఏదో గొణిగాను. ఆమె లేచి దండెం మీద చీర ఆరిందో లేదో తడిమి చూసి, మడత పెట్టుకుంది.

మర్నాడు చర్చిలో ఆమెను ముందుకు పిలిచారు. లేచి నిలబడి, "నేను అంతా విన్లేదు. నడుమ కొంచిం పోయింది" అని కూర్చుంది. శాలువా తీసుకోలేదు. ప్రార్థన ముగిసి జనం తగ్గాక నన్ను వెంటబెట్టుకుని సంఘపెద్ద దగ్గరికి పోయింది. నాయన పుస్తకం ఆ పేజీకి తీసి ఇమ్మంది. అతను కళ్ళద్దాలు సర్దుకుని పెదవులు కదుపుతూ చదివాడు. చదివి, ఆ వాక్యం మీద వేలు ఉంచి మళ్ళీ చదివాడు. గోడ అవతల అతని భార్యను పెట్టిన మట్టి ఇంకా పూర్తిగా అణగలేదు. అటువైపు ఒకసారి చూశాడు.

"ఇది నాకు తెలీదమ్మా" అన్నాడు. "ఇప్పుడు జాగా..."

"జాగాకు రాలేదప్పా. ఆయమ్మ సుఖంగా పండుకోనీ. అంతా చదివితే తెలుస్తాదంటివి గదా. తెలిసింది. చెప్పిపోదామని వచ్చినా."

ఇంటికి రాగానే మేకలకు నీళ్ళు పెట్టమంది, పెట్టాను. మామూలుగానే ఉంది. కొన్నాళ్ళకు అన్నీ సర్దుకున్నాయనే అనుకున్నాను.

ఫిబ్రవరికి మళ్ళీ చింతకాయల పని ముమ్మరమైంది. ఒక సాయంత్రం అంగన్‌వాడీ మూసి ఇంటికొస్తుంటే వీధి మొదట్లోనే మా అరుగు మీది నుంచి ఒక మగగొంతు వినిపించింది. చుట్టాలెవరైనా వచ్చారేమో అనుకుని త్వరగా నడిచాను. ఎవరూ లేరు. తమ్ముడి ఫోను గోడకు ఆనించి ఉంది. అందులో బైబిలు చదివే ఆయన, ఎవరు ఎవరి కొడుకో, ఏ వంశమో వరసగా పేర్లు చదువుకుంటూ పోతున్నాడు. అమ్మ ఒక్కో పేరుకూ తల ఊపుతూ గింజలు తీస్తోంది.

"నేను చదువుతా గదమా" అన్నాను.

"వద్దులేమే. అలిసిపోయుంటావు."

"ఇదేందని అడిగితే ఆయన ఆపడంటివే?"

అమ్మ తల ఎత్తలేదు. "ఆపడులే" అంది. "దాటడు గదా."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది. చేటలో సగం చింతకాయలు నా వైపు తోసింది. నేను ఎదురుగా కూర్చుని గింజలు తీయడం మొదలుపెట్టాను. ఆయన ఒక్క పేరూ వదలకుండా చదువుతూనే ఉన్నాడు.